గుర్రం వెంట గడ్డి, పురుగు వెంట ఆకు

ఒక ప్రాణిని పరదేశానికి తీసుకొనిపోయినంత మాత్రాన అది అక్కడ నిలవదు. దానికి తగిన ఆహారం కూడ అక్కడ లభించాలి. సామాన్యమైన ఈ ప్రకృతి ధర్మం ప్రాచీన ఆసియా వర్తకంలో ఎంత ముఖ్యపాత్ర వహించినదో గుర్రం, పట్టుపురుగుల చరిత్ర తెలుపుతుంది.

క్రీ. పూ. 2వ శతాబ్దంలో చైనాలోని హాన్ సామ్రాజ్యానికి ఉత్తర దిక్కునుండి షియోంగ్‌ను అనే సంచార జాతివారి ఆశ్వికదళాల బెడద ఎక్కువగా ఉండేది. వారి నెదిరించడానికి మిత్రులను వెదకవలసినదిగా ఊ-తీ చక్రవర్తి చాంగ్ చియెన్ అనే దూతను పడమటికి పంపాడు. క్రీ. పూ. 126లో తిరిగివచ్చిన ఈ దూత ఫర్గానా లోయలోని మేలుజాతి గుర్రాలను గురించి చెప్పాడు. ఈ లోయలో అధికభాగం నేడు ఉజ్బెకిస్తాన్‌లో ఉన్నది. బంగారమిచ్చి కొనబోతే ఫర్గానావారు అమ్మలేదు. అందుచేత క్రీ. పూ. 104లో యుద్ధం మొదలైనది. తొలి దండయాత్ర విఫలం కాగా, రెండవసారి 60,000 మంది సైనికులు బయలుదేరారు. వారిలో సరిహద్దు ద్వారానికి తిరిగి చేరినవారు 10,000 పైచిలుకు మాత్రమే. గుర్రాలు మాత్రం చైనాకు చేరాయి.

మరి వాటికి మేత? చైనా దూతలు పడమటినుండి లూసర్న్ విత్తనాలు కూడ తెచ్చారు. వాటిని రాజభవనాల సమీపంలో విస్తారంగా చల్లించారు. లూసర్న్ చిక్కుడు కుటుంబానికి చెందిన మొక్క. దాని వేళ్ల బుడిపెలలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థిరపరుస్తుంది. కనుక మేతలో మాంసకృత్తులు సమృద్ధిగా ఉంటాయి, నేల కూడ సారవంతమవుతుంది. వేళ్లు లోతుగా దిగడంవల్ల వర్షాభావాన్ని కూడ ఇది తట్టుకొంటుంది.

చైనానుండి పడమటికి పోయిన ముఖ్యమైన సరకు పట్టు. పట్టుబట్టలు దూరదేశాలకు పోయినా, పట్టు తయారుచేసే విద్య మాత్రం చాలకాలం చైనా దాటలేదు. పట్టుపురుగు గుడ్లు ఆవగింజకంటె చిన్నవి, దాచడం సులభం. కాని పురుగు పెరగడానికి మల్బరీ ఆకు కావాలి. వేల సంవత్సరాల పెంపకంవల్ల దాని సీతాకోకచిలుక రెక్కలున్నా ఎగురలేదు. మనిషి పోషించనిదే ఆ జాతికి మనుగడ లేదు.

ఖోటాన్ రాజ్యానికి పట్టు పరిశ్రమ ఎట్లా వచ్చినదో 7వ శతాబ్దపు యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ ఒక గాథ చెప్పాడు. అక్కడి రాజును పెండ్లాడిన రాకుమారి తన శిరోభూషణంలో పురుగు గుడ్లను దాచుకొని వచ్చినదట. గుడ్లు మాత్రమే కాదు, మల్బరీ విత్తనాలు కూడ! సరిహద్దు కావలివారు అన్నీ సోదా చేశారు గాని, ఆమె తల తాకడానికి సాహసించలేదు. ఈ గాథను చిత్రించిన కొయ్యపలకను ఆరెల్ స్టైన్ 1900లో ఖోటాన్ సమీపాన గల శిథిలాలలో కనుగొన్నాడు.

ఇది గాథయే కావచ్చు. అయినా దానిని అల్లినవారికి పట్టు పరిశ్రమ బాగా తెలుసు. ఆకు లేనిదే పురుగు లేదు, పురుగు లేనిదే పట్టు లేదు.