ఆగిన నెత్తురు

ఆపరేషనైన 10వ రోజు రాత్రి. అరకులో పొయ్యి దగ్గర నుంచి కదలబుద్ధి కాని చలి. మీ తమ్ముడు రబ్బర్లు బిగించిన పళ్ల సందుల్లోంచి చోడి అంబలి పీలుస్తున్నాడు. పైదవడ సరిచేయించుకుని విశాఖ నుంచి వచ్చాడు. వాపు తగ్గింది. అద్దం దగ్గరికి మాటిమాటికీ వెళ్తున్నాడు.

అంబలి గిన్నెలో ఎర్ర చుక్క. వెనకే ముక్కులోంచి ధార.

తల వెనక్కి వాల్చబోతారు. వద్దు, ముందుకు వంచి కూర్చోబెట్టండి. నెత్తురు మింగితే వాంతి, రబ్బర్లు కట్టిన నోటికి వాంతి గండం. అందుకే, అవసరమైతే రబ్బర్లు కోయడానికి ఆస్పత్రిలో దగ్గర ఉంచుకోమన్న చిన్న కత్తెర గోడ మేకుకి వేలాడుతోంది. ముక్కు నొక్కిపడతారు. "గొంతులోకి దిగిపోతంది అన్నా" అంటాడు పళ్ల మధ్య నుంచే.

పది నిమిషాల్లో ఆగిపోతుంది. "వేడి చేసిందిరా, పొద్దున్న చూద్దాం" అంటుంది అమ్మ. ఆ ఆగడాన్నే నేను నమ్మను.

తమ్ముడి పైదవడకు వేసిన కోత పేరు లెఫోర్ట్-1. శవాల పుర్రెల మీద దెబ్బలు వేసి, ముఖం ఎముకలు ఏ గీతల వెంట విరుగుతాయో 1901లో రాసిపెట్టిన ఫ్రెంచి సర్జన్ రెనే లెఫోర్ట్ పేరు అది. పళ్ల వేళ్లకు పైన అడ్డంగా కోసి, వెనక ఎముక నుంచి దవడను వంపు ఉలితో విడదీస్తారు. ఆ అతుకు కింది అంచుకు సుమారు 25 మిల్లీమీటర్ల ఎత్తులోనే పెద్ద ధమని. చాలా అరుదుగా దానికో, దాని కొమ్మకో గాటు పడుతుంది. ఊరిన నెత్తురు చుట్టూ ఉన్న కండనే గోడ చేసుకుని బుడగ కడుతుంది. గుండె కొట్టినప్పుడల్లా అది ఉబ్బుతుంది. రోజులకో వారాలకో పగులుతుంది, గడ్డకట్టి ఆగుతుంది, మళ్లీ పగులుతుంది.

పొద్దుటి దాకా ఆగకుండా పిలిస్తే 108 అంబులెన్సు వచ్చింది. విశాఖ ఇంకా 110 కిలోమీటర్ల పైమాటే. గాలికొండ, అనంతగిరి, మలుపు మీద మలుపు. రోడ్డున్న ఊరు కాబట్టి సరిపోయింది, పై గూడెంలో అయితే ముందు డోలీ కట్టాలి. శృంగవరపుకోట దాటాక మళ్లీ కారింది. ఈసారి ఒళ్లో గిన్నె సగం నిండింది.

తెల్లారేసరికి యాంజియో బల్ల మీద ఉన్నాడు. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం మెడ దాటి ముఖం దాకా వెళ్లింది. తెర మీద, చెంప వెనక, నల్లగా బఠాణీ గింజంత బుడగ. దానికి పోయే నాళంలో డాక్టరు ప్లాటినం తీగచుట్టలు దింపారు. గింజ మాయమైంది.

దవడ ఆపరేషనై ఇంటికొచ్చాక ముక్కులోంచి నెత్తురు కారిందా? ఆగిందని పడుకోకండి. చేసిన డాక్టరుకు అప్పుడే ఫోను చేసి, యాంజియో ఉన్న ఆస్పత్రికి బయలుదేరండి. కత్తెర జేబులో వేసుకోండి.