షబానా అజ్మీ: హైదరాబాద్‌లో పుట్టి.. ఐదుసార్లు జాతీయ ఉత్తమ నటి.. కేన్స్ వదులుకుని గుడిసెవాసుల కోసం దీక్ష

హిందీ తెరపై ఐదు దశాబ్దాల ప్రస్థానం.. తెర బయట పేదల ఇళ్ల కోసం పోరాటం. సీనియర్ నటి షబానా అజ్మీ పేరు చెబితే ఈ రెండూ గుర్తుకొస్తాయి.

1950 సెప్టెంబర్ 18న హైదరాబాద్‌లో పుట్టారు షబానా. తండ్రి ప్రముఖ ఉర్దూ కవి కైఫీ అజ్మీ, తల్లి రంగస్థల నటి షౌకత్ కైఫీ. ఇద్దరూ కమ్యూనిస్టు ఉద్యమంలో ఉన్నవాళ్లే. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పూర్తయ్యాక 1974లో శ్యామ్ బెనెగల్ తీసిన 'అంకుర్'తో వెండితెరకు పరిచయమయ్యారు. తెలంగాణ పల్లెలో దొర ఇంట్లో పనిచేసే దళిత మహిళ లక్ష్మి పాత్ర అది. తొలి సినిమాకే జాతీయ ఉత్తమ నటి అవార్డు కొట్టేశారు.

ఆ తర్వాత 'అర్థ్', 'ఖండహర్', 'పార్' చిత్రాలకు వరుసగా మూడేళ్లు అదే అవార్డు వచ్చింది. 'గాడ్‌మదర్'తో ఐదోసారి అందుకున్నారు. 2004లో వచ్చిన ఇంగ్లిష్ చిత్రం 'మార్నింగ్ రాగా'లో కర్ణాటక సంగీత గాయనిగా కనిపించారు.

1986లో ముంబైలోని సంజయ్ గాంధీ నగర్‌లో గుడిసెలు కూల్చేశారు. రోడ్డున పడ్డ కుటుంబాలకు వేరే చోట స్థలం ఇవ్వాలంటూ డాక్యుమెంటరీ దర్శకుడు ఆనంద్ పట్వర్ధన్, బస్తీవాసులతో కలిసి షబానా నిరాహార దీక్షకు దిగారు. సరిగ్గా అప్పుడే ఆమె నటించిన 'జెనెసిస్' కేన్స్ చిత్రోత్సవంలో ఉంది. ఆమె మాత్రం విమానం ఎక్కలేదు, దీక్షలోనే కూర్చున్నారు. ఐదు రోజులకు ప్రభుత్వం దిగొచ్చింది. ప్రత్యామ్నాయ స్థలం ఇచ్చేందుకు ఒప్పుకుంది. 'నివారా హక్' సంస్థతో ఆమె పని ఆ తర్వాత కూడా కొనసాగింది.

1989లో మత సామరస్యం కోరుతూ ఢిల్లీ నుంచి మీరట్ వరకు సాగిన పాదయాత్రలో నడిచారు. 1997లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. 1998లో ఐక్యరాజ్యసమితి జనాభా నిధి గుడ్‌విల్ అంబాసిడర్‌గా ఎంపికయ్యారు. ఎయిడ్స్ బాధితులపై వివక్ష వద్దంటూ ప్రచారం చేశారు.

ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లా మిజ్వాన్ కైఫీ అజ్మీ సొంతూరు. అక్కడ తండ్రి మొదలుపెట్టిన సేవా సంస్థ బాధ్యతలు ఇప్పుడు షబానావే. ఆడపిల్లలకు చదువు, మహిళలకు చికన్ ఎంబ్రాయిడరీ పని నేర్పించి సొంత సంపాదన చూపించడమే దీని లక్ష్యం. పద్మశ్రీ (1988), పద్మభూషణ్ (2012) పురస్కారాలు అందుకున్న ఈ నటి 2023లో 'రాకీ ఔర్ రాణీ కీ ప్రేమ్ కహానీ', 'ఘూమర్' చిత్రాల్లోనూ మెరిశారు.