తీగ మీద ఎగిరిన వీరుడు

స్పైడర్‌మాన్ అనే సాలీడు మనిషి 1962లో ఒక అమెరికన్ బొమ్మల పుస్తకంలో పుట్టాడు. కథ స్టాన్ లీది, బొమ్మలు స్టీవ్ డిట్కోవి, పుస్తకం వెల 12 సెంట్లు. అందులో వాడు ఒక మేడమీంచి మరో మేడమీదికి ఎగిరితే ప్రచురణకర్తకు అయ్యే అదనపు ఖర్చు కాస్త సిరా. అదే వీరుణ్ణి 2010లో న్యూయార్కు రంగస్థలం మీద ఎగిరించడానికి 7 కోట్ల 50 లక్షల డాలర్లు అయ్యాయి. బ్రాడ్వే నాటకశాలల చరిత్రలో అంతవరకు ఏ నాటకానికీ అంత పెట్టుబడి పెట్టలేదు. అది మూడేళ్లకు పైగా ఆడింది. ఒక దశలో వసూళ్లలో అన్ని నాటకాలనూ మించిపోయింది. చివరకు 6 కోట్ల డాలర్ల దాకా నష్టంతో మూతపడింది. జనం రాక నాటక సమాజాలు మునిగిపోవడం మనం చూసిందే. జనం వచ్చి కూడా మునిగిపోవడం ఎలాగ? నాటకాల పిచ్చి కొంత, బ్యాంకులో అప్పుల కాగితాలు తిరగేసిన అలవాటు కొంత ఉన్నవాణ్ణి గనుక ఈ లెక్క నాకు ఆసక్తిగా తోచింది.

ఇటువంటి ప్రయత్నం ఇదే మొదటిది కాదు. 1966 మార్చిలో హెరాల్డ్ ప్రిన్స్ దర్శకత్వంలో సూపర్‌మాన్ కథ సంగీత నాటకంగా బ్రాడ్వే ఎక్కింది. చార్లెస్ స్ట్రౌస్ సంగీతం, లీ ఆడమ్స్ పాటలు. విమర్శకుల్లో మెచ్చుకున్నవాళ్లున్నారు. అయినా 129 ప్రదర్శనలతో జూలైలో ఆగిపోయింది. ఆ ఏడాది జనవరిలోనే టెలివిజన్‌లో బాట్‌మాన్ ధారావాహిక మొదలైంది. వారానికి రెండు రాత్రులు ఇంట్లో కూర్చుని కాణీ ఖర్చు లేకుండా ఒక వీరుణ్ణి చూస్తున్నవాడు, డబ్బిచ్చి మరో వీరుణ్ణి చూడడానికి ఎందుకు బయలుదేరుతాడు? ఆ నాటకం రాసిన న్యూమన్, బెంటన్ ఇద్దరూ 1978లో వచ్చిన సూపర్‌మాన్ సినిమా రచనలోనూ పాలుపంచుకున్నారు. అది ఘనవిజయం సాధించింది. సినిమాలో తీగ కనబడకుండా చెరిపెయ్యవచ్చు.

నాటకంలో అది కుదరదు. మనిషికి బరువుంది. ఆ బరువును ఎవరో మొయ్యాలి. 1904లో లండన్‌లో పీటర్ పాన్ నాటకం పిల్లల్ని గాలిలో ఎగిరించినప్పటినుంచీ ఈ విద్య ఉంది. 1950లో ఇంగ్లండునుంచి న్యూయార్కు వచ్చిన పీటర్ ఫోయ్ దీనికి లోలకం సూత్రం జోడించి శాస్త్రంగా తీర్చిదిద్దాడు. నటుడి ఒంటికి దుస్తుల కింద ఒక పట్టీ, దానికి సన్నని ఉక్కు తీగ, పైన కప్పీలు, తెరచాటున తాడు లాగే మనిషి. ఆ లాగేవాడికి నటుడి బరువు తెలియాలి, పాట ఎక్కడ ఎత్తుకుంటుందో తెలియాలి.

ఇది చదువుతుంటే మన పాఠకులకు సురభి వాళ్లు గుర్తుకు రాక మానరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కుటుంబం కీచకవధ ఆడడంతో మొదలైన సమాజం అది. అంతకు ముందు వాళ్లది తోలుబొమ్మలాట. మహారాష్ట్ర వైపునుంచి వచ్చినవాళ్లు, ఇంట్లో ఆరె భాష, రంగం ఎక్కితే తెలుగు. బయట పరాయి భాష, ఇంట్లో తెలుగుగా బతుకుతున్న మనకు వాళ్ల కథ అద్దంలో మన బొమ్మలాగే ఉంటుంది, కుడి ఎడమైందంతే. వాళ్ల మాయాబజారులో వీరులు తీగలమీద గాలిలో పోరాడతారు. రెండు వైపులనుంచి బాణాలు వచ్చి నడిమధ్య ఢీకొని నిప్పులు రాలుస్తాయి. ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు వాటంతట అవే నడిచి వస్తాయి. తీగ కనబడితే ఎవరూ నొచ్చుకోరు. తెరవెనుక దాన్ని పట్టుకున్నది తమ్ముడో మేనత్తో అయివుంటారు. ఆట అయ్యాక తెరలూ తీగలూ మూటగట్టుకుని మరో ఊరు వెళ్లిపోయేవారు. ఈ చివరి మాట పాఠకులు గుర్తుంచుకోవాలి, లెక్కల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

స్పైడర్‌మాన్ నాటకానికి దర్శకురాలు జూలీ టేమర్‌కు కూడా బొమ్మలాటతో సంబంధం ఉంది. 1970లలో ఆమె ఇండోనేషియాలో నాలుగేళ్లుండి అక్కడి బొమ్మలాటలను, ముసుగు నాటకాలను దగ్గరనుంచి చూసింది. 1997లో ఆమె తీసిన లయన్ కింగ్ నాటకంలో సింహం ముసుగు నటుడి తలపైన ఉంటుంది, కింద అతని ముఖమూ కనబడుతుంది. ఏదీ దాచలేదు, జనం నీరాజనాలు పట్టారు. అటువంటి మనిషి చేతికే సాలీడు కథ వచ్చింది. సంగీతం యూటూ బృందంలోని బోనో, ఎడ్జ్‌లది. ఇంతకంటె మంచి ప్రాజెక్టు రిపోర్టు ఎవరు ఇవ్వగలరు?

అపశకునాలు మొదట్లోనే కనిపించాయి. 2005లో కాంట్రాక్టు సంతకాల వేళకే నిర్మాత టోనీ ఆడమ్స్‌కు స్ట్రోక్ వచ్చింది, బతకలేదు. 2009లో డబ్బు అయిపోయి పని ఆగింది. ఆగిన పనిని మైకేల్ కోల్ అనే సంగీత కచేరీల నిర్వాహకుడు చేపట్టి కొత్త డబ్బు తెచ్చాడు. మా భాషలో చెప్పాలంటే, సగంలో ఆగిన ఫ్యాక్టరీకి పెట్టిన డబ్బు పోతుందన్న భయంతో మళ్లీ అప్పివ్వడం. అటువంటి రెండో విడత శాంక్షన్లు ఎక్కడికి దారితీస్తాయో వేరే చెప్పనక్కర లేదు.

నలభైరెండో వీధిలోని ఆ థియేటరులో సుమారు 1,900 సీట్లు. వీరుడు రంగం మీదే కాదు, ప్రేక్షకుల తలలమీదుగా బాల్కనీ దాకా ఎగరాలి. అందుకు తాడు లాగే మనుషులు చాలరు, కంప్యూటరు చెప్పినట్టు తిరిగే మోటారు చక్రాలు బిగించారు. 2010 నవంబరు 28న తొలి ప్రదర్శనలో ఆట పదేపదే ఆగింది. ఒకసారి వీరుడు జనం నెత్తిమీదే కదలకుండా వేలాడుతూ ఉండిపోయాడు. డిసెంబరు 20న క్రిస్టఫర్ టియర్నీ అనే నటుడు 20 అడుగులకు పైగా ఎత్తునుంచి పడ్డాడు. పుర్రె చిట్లింది, పక్కటెముకలు, వెన్నుపూసలు దెబ్బతిన్నాయి. అది కంప్యూటరు తప్పు కాదు. నడుము వెనుక ఉండాల్సిన తాడు రెండో కొస కొక్కేనికి తగిలించి లేదు. అన్ని కోట్ల యంత్రాలూ ఒక మనిషి చెయ్యవలసిన చిన్న పని దగ్గర నిలిచిపోయాయి. కార్మిక శాఖవారు విచారించి భద్రతా లోపాలకు వేసిన జరిమానా 12,600 డాలర్లు. ఏడున్నర కోట్ల పక్కన ఆ అంకె వేసి చూసుకోండి. టియర్నీ కోలుకుని 2011 వేసవికల్లా మళ్లీ అదే వేషంలోకి వచ్చాడు. అతని ధైర్యానికి నమస్కారం పెట్టాలి.

కథ విషయంలోనూ చిక్కు వచ్చింది. గ్రీకు పురాణంలో నేతపనిలో దేవతనే సవాలు చేసి శాపంతో సాలీడుగా మారిన అరాక్నీని టేమర్ ఈ కథలోకి తెచ్చింది. నా మటుకు అది చక్కని ఊహ. కాని బొమ్మల పుస్తకం కోసం వచ్చిన జనానికి పురాణం పట్టలేదు. ప్రారంభోత్సవం వాయిదాలమీద వాయిదాలు పడడంతో విసిగిన విమర్శకులు 2011 ఫిబ్రవరిలో ఆగకుండా సమీక్షలు రాసేశారు, చాలామంది చీల్చిచెండాడారు. మార్చిలో టేమర్‌ను తప్పించారు. మూడు వారాలపైగా ఆట ఆపి, అరాక్నీ పాత్రను బాగా కుదించి, కథ తిరగరాసి, 182 ముందస్తు ప్రదర్శనల తరువాత జూన్ 14న అధికారికంగా తెర తీశారు. ఆమె కోర్టుకెక్కింది. 2013లో రాజీ అయింది.

తిరగరాసిన నాటకానికి జనం బాగానే వచ్చారు. 2011 చివరి వారంలో వసూలు 29 లక్షల డాలర్లు దాటింది, అది అప్పటికి బ్రాడ్వేలో రికార్డు. అయితే ఆట నడపడానికే వారానికి 10 లక్షల డాలర్లకు పైగా ఖర్చు. పండగ వారాన్ని చూసి మురిసిపోకూడదు. ఖర్చులు పోను సగటున వారానికి 3 లక్షలు మిగిలాయనుకుందాం. ఏడున్నర కోట్లు తిరిగి రావడానికి 250 వారాలు, అంటే అయిదేళ్లకు కాస్త తక్కువ. వడ్డీ కలపలేదు. 2013 వచ్చేసరికి వసూళ్లు జారిపోయి వారం ఖర్చుకే చాలని స్థితి వచ్చింది. 2014 జనవరి 4న ఆఖరి ఆట.

మామూలుగా బ్రాడ్వే నాటకం దెబ్బతింటే ఊళ్లు తిప్పి కొంత రాబట్టుకుంటారు. ఇక్కడ ఆ దారి లేదు. పెట్టుబడంతా ఆ ఒక్క థియేటరు కప్పుకు బిగించి ఉంది. ఆ కొలతలకు చేసిన యంత్రాన్ని మరో ఊళ్లో బిగించాలంటే ఆ ఊళ్లో మరో థియేటరు విప్పి కట్టాలి. సెక్యూరిటీగా తీసుకుంటే పాత ఇనుము ధర పలుకుతుందేమో. 2011 జూలైలో ఇంగ్లండులో మొదలైన బాట్‌మాన్ లైవ్ ప్రదర్శనను మాత్రం ఊరూరా పెద్ద స్టేడియం హాళ్లలో తిప్పడానికే తయారుచేశారు. సురభి వారి మూటల మాట ఇందుకే చెప్పాను.

స్పైడర్‌మాన్ వెళ్లాక యంత్రాలు విప్పేశారు. ఆ ఏడాది అక్టోబరులోనే అదే కప్పు కింద, ఒక్కరోజు సెలవు మీద ఊళ్లోకి వచ్చిన ముగ్గురు నావికుల కథ ఆన్ ది టౌన్ ఆడారు. 1944 నాటి నాటకం. అందులో మనుషులు నేలమీదే గెంతుతారు.