మన్నా ఆగిపోయిన తర్వాత

హారానులో సర్దుకుని బయలుదేరేనాటికి అబ్రాముకు 75 ఏళ్లు. తాను చూపించబోయే దేశానికి వెళ్లమన్నాడు దేవుడు. ఏ దేశమో మాత్రం చెప్పలేదు. హెబ్రీ లేఖనాల్లో దైవ నడిపింపు మొదటినుంచీ ఇంతే, దారంతా ముందుగా కనబడదు. అతడి ఇంటి నుంచే పంపివేసిన దాసి హాగరుకైతే ఏ దారీ లేదు. బెయేర్షెబా అరణ్యంలో తిత్తిలోని నీళ్లు అయిపోయాయి. బిడ్డ చావు కళ్లజూడలేక ఎడంగా కూర్చుని ఏడ్చింది. దేవుడు ఆమె కళ్లు తెరిచాడు, నీళ్ల ఊట కనబడింది. వాగ్దాన వంశానికి వెలుపలి మనిషికి దక్కిన ఈ పోషణను మనం ఇంకా ఎక్కువగా తలుచుకోవాలి.

అబ్రాము మునిమనవడు యోసేపును అన్నలు 20 తులాల వెండికి అమ్మేశారు. అతడు ఐగుప్తులో ఏడేళ్ల పంటను కొట్లకు ఎత్తించాడు. కరువొచ్చినప్పుడు ఆ అన్నలూ ఆ ధాన్యమే తిన్నారు.

ఇక, ఐగుప్తు దాస్యం నుంచి బయటపడ్డ ఇశ్రాయేలీయులు నడిచిన అరణ్యం. దారి చూపే మేఘం లేస్తే గుడారాలు పీకాలి, నిలిస్తే దిగాలి. అది రెండు రోజులు నిలిచినా, నెలంతా నిలిచినా కదలడానికి లేదు. ఆకాశం నుంచి దిగే ఆహారమైన మన్నా కొతిమెర గింజలా ఉండేది. తలకు ఒక ఓమెరు చొప్పున ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. దాచిపెడితే తెల్లారేసరికి పురుగుపట్టి కంపుకొట్టేది. విశ్రాంతి దినం కోసం ఆరో రోజున ఏరిన రెండింతలు మాత్రం చెడలేదు. దాసులుగా బతికిన జనానికి ఇది 40 ఏళ్ల బడి. రేపటి భయంతో పోగేసుకునే అలవాటును దేవుడు అక్కడ మాన్పించాడు.

చివరికి వాగ్దాన దేశం చేరి, గిల్గాలులో పస్కా పండుగ చేసుకుని ఆ దేశపు పంట తిన్నారు. ఆ మరునాడే మన్నా ఆగిపోయింది. ఈ చరిత్రలో అసలు మలుపు ఇదేనని నా నమ్మకం. ఆకాశం నుంచి దిగిన పోషణ ఇకపై ఎక్కువగా మనుషుల చేతుల మీదుగా రావాలి. అందుకే పొలం అంచుల దాకా కోయొద్దనీ, మరిచిపోయిన పనకు వెనక్కి వెళ్లొద్దనీ ధర్మశాస్త్రం ముందే కట్టడి చేసింది. బేత్లెహేము చేలో మోయాబీయురాలు రూతు పరిగె ఏరుకున్నది ఆ హక్కుతోనే. ఆమె కోసం పిడికిళ్లు కావాలనే జారవిడవమని ఆ చేను యజమాని బోయజు పనివాళ్లకు చెప్పాడు. సాయంత్రానికి దుల్లగొడితే తూమెడు యవలయ్యాయి, అత్త నయోమి కడుపూ నిండింది.

ప్రవక్త ఏలీయాకు కెరీతు వాగు దగ్గర కాకులు రొట్టె, మాంసం తెచ్చాయి. వాగు ఎండిపోయాక అతణ్ని పోషించింది సీదోను దేశపు సారెపతులో ఒక విధవరాలు. ఆమె తొట్టిలో ఉన్నది పట్టెడు పిండి.

క్రీ.పూ. 586లో యెరూషలేము కూలింది. అంతకుముందే బబులోనుకు చెరపోయినవారు ఇళ్లు కట్టుకోవాలనీ, తోటలు నాటుకోవాలనీ, బబులోను క్షేమం కోసం ప్రార్థించాలనీ ప్రవక్త యిర్మీయా ఉత్తరం రాశాడు. శత్రువు ఊళ్లోనూ దేవుడు పోషిస్తాడని చెప్పడానికి ఎంత గుండె కావాలి! క్రీ.పూ. 539లో బబులోనును పట్టుకున్న పారసీక రాజు కోరెషు వాళ్లను స్వదేశానికి వెళ్లనిచ్చాడు.

అలా తిరిగొచ్చాక, అధిపతి నెహెమ్యా కాలంలో ప్రజలు గోనెపట్టలు కట్టుకుని, అబ్రాహాము అయిన అబ్రాము మొదలు ఈ కథంతా ప్రార్థనలో చెప్పుకున్నారు. తమ భూమి పంట పరాయి రాజులకు పోతున్నదని మొరపెట్టుకున్నారు. అంత లేమిలోనూ, ఏడో ఏట అప్పులు వదిలేస్తామనీ, ప్రథమ ఫలాలు మందిరానికి తెస్తామనీ నిబంధన రాసి ముద్రలు వేశారు.