పల్నాడులో గంజాయి కేసులు: చట్టం, తూకం, శిక్ష

పల్నాడు జిల్లాలో గంజాయి, మత్తు మాత్రల కేసులు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద నమోదవుతాయి. పోలీసు స్టేషన్లోనూ కోర్టు వరండాలోనూ అందరూ దాన్ని ఎన్‌డీపీఎస్ అనే అంటారు. ఇది పార్లమెంటు చేసిన చట్టం. సరుకుతో పొందుగుల వంతెన దాటినా, మాచర్ల నుంచి నాగార్జునసాగర్ మీదుగా తెలంగాణలోకి వెళ్లినా నేరం అదే, శిక్ష అదే. పట్టుకోవడం, కేసు నడపడం మాత్రం ఎక్కువగా రాష్ట్రం పని. 2020లో ఏర్పాటైన ఎస్ఈబీ (స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో) ఈ పనిని కూడా చూసేది; దాన్ని రద్దుచేశాక ఆంధ్రప్రదేశ్ 2024లో ఇందుకోసమే ‘ఈగల్’ విభాగాన్ని ఏర్పాటు చేసింది. ఈగల్‌కు సమాచారం ఇవ్వాలంటే 1972 నంబరు.

2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడివడి, నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన ఈ జిల్లా గంజాయి సాగుకు పేరుపడ్డ చోటు కాదు. ఆ పేరు ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండలది. అందుకే ఇక్కడ తెలుసుకోవలసింది సాగు గురించి కాదు. సరుకు దగ్గర ఉంచుకోవడం, తరలించడం, అమ్మడం గురించి.

ఈ మూడింటికీ శిక్షను తేల్చేది తూకం. గంజాయి కిలో లోపు ఉంటే ‘చిన్న పరిమాణం’: ఏడాది వరకు కఠిన కారాగారం, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే ‘వాణిజ్య పరిమాణం’: కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్లు, లక్ష నుంచి 2 లక్షల జరిమానా. నడుమ ఉన్నదానికి 10 ఏళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. హషీష్ ఆయిల్‌కు ఈ హద్దులు 100 గ్రాములు, కిలో. అంటే జేబులో పట్టే సీసా కూడా గోనెసంచితో సమానమైన కేసు కావచ్చు.

తూకంలోనూ ఒక మెలిక ఉంది. చట్టం దృష్టిలో గంజాయి అంటే మొక్క పూత, కాపు ఉన్న కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు అందులోకి రావు. కాడలు, ఆకులు కలిపి తూచి 20 కిలోలు దాటించారని ముద్దాయి తరఫు వకీళ్లు వాదించేది ఈ నిర్వచనం పట్టుకునే. వాదన నిలిస్తే పదేళ్ల కనీస శిక్ష భయం తప్పుతుంది.

తూకం తర్వాత కాగితం. ఒంటిమీద సోదా చేసేముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట సోదా కోరే హక్కు ఉందని 50వ సెక్షన్ ప్రకారం చెప్పి తీరాలి. చేతిసంచి, బండి సోదాకు ఆ నియమం వర్తించదని సుప్రీంకోర్టు 2005లో తేల్చింది. పట్టుబడ్డ సరుకు జాబితాను, నమూనాలను 52ఎ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ధ్రువీకరించాలి. అధికారుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 2020 నాటి తూఫాన్ సింగ్ తీర్పు చెబుతోంది. మధ్యవర్తుల నివేదికలో (పంచనామాలో) ఒక్క సంతకం, ఒక్క గంట తేడా మీద ఏళ్ల తరబడి వాదనలు నడవడం ఈ కేసుల్లో వింతేమీ కాదు.

బెయిలు విషయంలో ఈ చట్టం మామూలు క్రిమినల్ చట్టం కంటే గట్టిది. వాణిజ్య పరిమాణమైతే, ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణం ఉందనీ, బయటికొస్తే మళ్లీ నేరం చేయడనీ కోర్టుకు నమ్మకం కలగాలి. ఛార్జిషీటు గడువు కూడా 180 రోజులు. కోర్టు అనుమతిస్తే ఏడాది దాకా సాగుతుంది. సరుకు దొరికిందంటే తెలిసే పెట్టుకున్నాడన్నది చట్టం ఊహ; తెలియదని నిరూపించుకోవలసింది ముద్దాయే. స్నేహితుడికి బైకు ఎరువిచ్చినవాడికీ చిక్కే. తనకు తెలియదనీ, తగిన జాగ్రత్త తీసుకున్నాననీ చూపించలేకపోతే బండి జప్తవుతుంది.

అచ్చంగా రాష్ట్రానిదైన ఆయుధం ఒకటుంది: 1986 నాటి పీడీ యాక్టు, అంటే ముందస్తు నిర్బంధ చట్టం. అందులో ‘డ్రగ్ అఫెండర్లు’ ఒక వర్గం. విచారణ లేకుండానే 12 నెలల వరకు నిర్బంధించవచ్చు. ఇది కాక, పిల్లల చేత సరుకు మోయిస్తే బాలల న్యాయ చట్టం కింద ఏడేళ్ల వరకు జైలు.

జైలు తప్పినా కేసు వెంటాడుతుంది. క్రిమినల్ కేసు పెండింగులో ఉంటే కోర్టు అనుమతి లేకుండా పాస్‌పోర్టు దొరకడం కష్టం. విదేశాల్లో ఉన్నా జాగ్రత్త తప్పదు: అమెరికాలో కొన్ని రాష్ట్రాలు గంజాయిని అనుమతించినా ఫెడరల్ చట్టం దాన్ని నేరంగానే చూస్తుంది. వీసాలు చూసేది ఫెడరల్ ప్రభుత్వమే కనుక, అక్కడ చదువుకునే మన పిల్లలు రాష్ట్ర చట్టాన్ని నమ్ముకుంటే దెబ్బతింటారు.

వాడేవాణ్ణి చట్టం పూర్తిగా వదిలేయలేదు. గంజాయి తాగినందుకు ఆరు నెలల వరకు జైలు గానీ, 10 వేల వరకు జరిమానా గానీ, రెండూ గానీ ఉన్నా, వ్యసనపరుడు తానుగా గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్స కోరితే 64ఎ సెక్షన్ విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. కొద్ది సరుకు దగ్గర ఉన్న కేసుకూ అది వర్తిస్తుంది. సలహాకు 14446కు ఫోన్ చేయవచ్చు. చికిత్స నడుమ మానేస్తే ఆ రక్షణను వెనక్కి తీసుకోవచ్చు.