మేనత్తల రాజధాని

పల్నాడు అనగానే నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపందెం గుర్తొస్తాయి. గురజాల, మాచర్ల రాజధానులన్న సంగతి కూడా ఆ యుద్ధం పుణ్యమా అనే మనకి తెలుసు. అంతకు దాదాపు తొమ్మిదివందల ఏళ్ళ ముందే, మాచర్లకి కాస్త దూరంలో, కృష్ణ ఒడ్డున ఇంకో రాజధాని ఉండేది. ఇక్ష్వాకుల విజయపురి. మూడువైపులా కొండలు, నాలుగోవైపు నది. శాతవాహనుల తర్వాత, క్రీ.శ. 3వ శతాబ్దంలో వెలిగి, నలుగురు రాజులతో ఆ వైభవం ముగిసింది.

మొదటి రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. కోట్ల బంగారం, లక్ష ఆవులు, లక్ష నాగళ్ళు దానమిచ్చాడని శాసనాలు పదేపదే చెప్తాయి. (మన ఎన్నికల అఫిడవిట్లకి పూర్తిగా రివర్సు.) నాకు మాత్రం ఆయన తోబుట్టువు చాంతిసిరి మీదే ఆసక్తి. మేనల్లుడు వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో మహాచైత్యం దగ్గర స్తంభాలు నిలబెట్టించింది ఆవిడే. ఇంకో తోబుట్టువు హమ్మసిరి కూతుళ్ళు బాపిసిరినిక, ఛఠిసిరి ఆ మేనల్లుడి రాణులు. మేనరికం మన దగ్గర అంత పాతది. వాళ్ళూ స్తంభాలిచ్చారు.

మగవాళ్ళది వైదికం, ఆడవాళ్ళది బౌద్ధం అని పుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. నాకది సరిపోదు. చాంతిసిరి తన బౌద్ధ దానాన్ని చెక్కించేటప్పుడు అన్నదమ్ముడి యజ్ఞాల జాబితా కూడా చెక్కించింది. అందులో నాకు తగువేమీ కనబడదు, ఒకే ఇంటి గొప్ప కనబడుతుంది.

అంతఃపురం బయట బోధిసిరి అనే ఉపాసిక ఉంది. సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించి, వాళ్ళు ధర్మం చెప్పిన దేశాలంటూ కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, వనవాసి, యవన అని వరసపెట్టింది. పల్నాటి కొండల మధ్య కూర్చుని ఒక మామూలు ఆడమనిషి ఊహించిన ప్రపంచపటం అది! ఈ లోయలో రోమన్ బంగారు నాణేలు దొరకడం కన్నా నాకు ఇదే పెద్ద విషయం.

1926లో ఈ శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. 1927–31 మధ్య లాంగ్‌హర్స్ట్ స్తూపాలు, విహారాలు తవ్వాడు. కానీ కోట, గుళ్ళు, ఇళ్ళు, మెట్ల వరసల ఆటస్థలంతో ఊరు ఊరంతా బయటపడింది 1954–60 మధ్య, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో. దానికి కారణం డెడ్‌లైనే. సాగర్ డ్యామ్ రాబోతోంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికి కింద లోయలో తవ్వకం నడుస్తోంది. మునుగుతుందని ఖాయమయ్యాకే విజయపురి మనకి పూర్తిగా తెలిసింది.

అన్యాయం జరిగిందని అనడానికి నాకు నోరు రాదు. మా నరసరావుపేట వైపు పొలాలకి కుడికాలువ నీళ్ళు ఆ డ్యామ్ నుంచే వస్తాయి. ఆ వరి తిని చదువుకున్నవాణ్ణి. అయినా లోయ ఖాళీ చేసిన పల్లెల పేర్లు ఇక్ష్వాకుల రాణుల పేర్లంత శ్రద్ధగా ఎవరైనా రాతిమీద చెక్కారా అని అడగాలనిపిస్తుంది.

కొన్ని కట్టడాల్ని విప్పి తెచ్చి కొండమీద, ఒడ్డున అనుపులో మళ్ళీ పేర్చారు. ఇప్పుడా కొండ దీవి. లాంచీ దిగినవాళ్ళు అక్కడి మ్యూజియం చూసి విజయపురి చూసేశామనుకుంటారు. చాంతిసిరి తిరిగిన వీధులు మాత్రం లాంచీ దాటొచ్చిన నీళ్ళ అడుగున ఉన్నాయి.