లస్కరు, బేల్దారి, డోలీ బోయీ: సైన్యాన్ని మోసినోళ్లకు చదువు ఎవరు చెప్పారు?



చాపాడు చుట్టుపక్కల కేసీ కెనాల్ కింద సేద్యం చేసేవాళ్లకు లస్కరు అంటే కాలువ షట్టరు ఎత్తేవాడు, దించేవాడు. ప్రొద్దుటూరులో ఇల్లు కట్టించేవాళ్లకు బేల్దారి అంటే గోడ కట్టే మేస్త్రీ. రెండూ మన వాడల్లో బువ్వ పెట్టే పనులే. రెండు మాటలూ సైన్యం నుంచి వచ్చినవే. లష్కర్ అంటే పారసీలో సైన్యం. కంపెనీ సైన్యంలో డేరాలు వేసేవాళ్లను, ఫిరంగుల దగ్గర చాకిరీ చేసేవాళ్లను లస్కర్లు అన్నారు. బేల్ అంటే పార. మొగలు సైన్యాలకు ముందు నడిచి దారి చదును చేసేవాళ్లు, కందకాలు తవ్వేవాళ్లు బేల్దార్లు. సైన్యాలు పోయాయి. మాటలు కాలువ గట్టు మీదా, గోడల మీదా మిగిలాయి. ఆ పని చేసిన మనుషులు మాత్రం చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కలేదు.

ఈ రోజుల్లో దీన్ని లాజిస్టిక్స్ అంటున్నారు. సైన్యానికి తిండి, నీళ్లు, మందుగుండు, చెప్పులు, డేరాలు, బండ్లు, దారులు సమకూర్చే పని మొత్తానికి ఆ పేరు. తుపాకీ పట్టినవాడి గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. కోరేగాం గురించి ఏటా జనవరి 1న రాసుకుంటాం. ఈసారి తుపాకీ వెనక ఉన్న మూట గురించి మాట్లాడుకుందాం. ఆ మూట ఎవరు మోశారు అనేది ఒక ప్రశ్న. వాళ్లకు పని నేర్పి, ఆ నేర్పుకు కాయితం ఇచ్చి, జీతం పెంచింది ఎప్పుడు అనేది నాకు అంతకంటే ముఖ్యమైన ప్రశ్న.

ఎద్దుల మీద నడిచిన యుద్ధాలు

1791లో కారన్‌వాలిస్ టిప్పు మీదికి పోయి శ్రీరంగపట్నం దాకా చేరాడు. పట్నం ఎదురుగానే ఉంది. కానీ మేత లేక ఎద్దులు చచ్చిపోయాయి. పెద్ద ఫిరంగులను లాగే దిక్కు లేక వాటిని తానే పగలగొట్టించి వెనక్కి తిరిగాడు. మరుసటేడు, అంటే 1792లో, మళ్లీ వచ్చి గెలిచాడు. మధ్యలో జరిగిన పెద్ద మార్పు బింజారీలు. ఎద్దుల మంద మీద ధాన్యం వేసుకుని దండు వెంట నడిచి, దండు బజారులో అమ్మే లంబాడీలను కంపెనీ తన వైపు తిప్పుకుంది. మన సీమలో సుగాలీలు అనేది వీళ్లనే.

1800లో నిజాం మన ప్రాంతాన్ని కంపెనీకి రాసిచ్చేశాడు. ఎందుకు? తన దగ్గర ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద. అందుకే మనవి దత్తమండలాలు. అంటే కడప, బళ్లారి రైతు కట్టే శిస్తు మొదటి రోజు నుంచీ ఒక సైన్యానికి కూలీ. మన్రో కలెక్టరుగా వచ్చాడు. పాలెగాళ్లను అణిచే సైన్యం ఊళ్ల మీదుగా నడిచింది. దండు ఊరి పొలిమేరకు వస్తే కట్టెలు, గడ్డి, కుండలు, బండ్లు, మనుషులు కావాలి. ఏ ఇంటి నుంచి ఏమి పోవాలో తేల్చేది రెడ్డి, కరణం. మూటలు నెత్తికెత్తుకుని తర్వాతి ఊరి పొలిమేర దాకా నడిచేది మాల మాదిగ వెట్టివాళ్లు. కూలి ఇచ్చారా లేదా అన్నది ఆ రోజు దొర దయ.

తోలు పని సంగతి వేరే చెప్పనక్కర్లేదు. మన బావుల్లో నీళ్లు తోడే కపిల బాన కుట్టిన చేతులే దండుకు నీళ్ల తిత్తులు, జీను వార్లు, చెప్పులు కుట్టగలవు. ఆ నేర్పు ఏ సైనిక బడీ నేర్పింది కాదు. తండ్రి దగ్గర కొడుకు, అత్త దగ్గర కోడలు నేర్చుకున్నది. దొరల లెక్కల్లో ఈ జనం అందరికీ ఒకే పేరు: ఫాలోయర్లు. తెలుగులో చెప్తే వెంట నడిచేవాళ్లు. ముందు నడిచి దారి చేసినా సరే, వాళ్ల పేరు వెంట నడిచేవాళ్లే.

అందరూ దళితులే అని నేను అనడం లేదు. బోయీలు, వడ్డెర్లు, సుగాలీలు, ముస్లిం పేదలు అందరూ ఇందులో ఉన్నారు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి చరిత్రలో చెప్పుకునే సురిటి అప్పయ్య సైన్యంలో డోలీ మోసే మనిషి. 1813 ప్రాంతంలో కలరా వచ్చినప్పుడు ఉజ్జయినిలో మొక్కుకుని, తిరిగొచ్చి ఇక్కడ అమ్మవారిని నిలిపాడని చెప్తారు. ఇవాళ్టికీ ఆ జాతరను లష్కర్ బోనాలు అనే పిలుస్తారు. ఫాలోయర్లలో జనం నోట పేరు నిలిచినవాళ్లు ఎంతమంది? నాకు ఈయన ఒక్కడే కనిపించాడు. అదీ గుడి వల్ల. సైన్యం వల్ల కాదు.

చేతిపనికి బడి

కంపెనీ ఒక్క చోట మాత్రం ఈ పనిని శిక్షణగా మార్చింది. 1780లో మద్రాసులో రెండు పయనీరు కంపెనీలు పెట్టారు. దారులు వేయడం, వంతెనలు కట్టడం, కోటల కింద తవ్వడం వాళ్ల పని. 1831లో అదే మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్ అయింది. తర్వాత బెంగళూరు కేంద్రమైంది. ఇందులో పరయర్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు, తెలుగువాళ్లూ ఉన్నారు. ఇక్కడ సిపాయి వడ్రంగమో, కమ్మరమో, తాపీ పనో నేర్చుకోవాలి. పనికి అదనపు జీతం ఉండేది. ఊళ్లో కులం చెప్పిన పని ఇక్కడ ట్రేడు అయింది. ట్రేడుకు పరీక్ష, మెట్టు, జీతం ఉన్నాయి.

దాంతో పాటు బడి. అంబేద్కర్ ఈ విషయాన్ని పదే పదే రాశారు. ఆయన తండ్రి రామ్‌జీ సక్పాల్ సుబేదారు, సైనిక పాఠశాలలో హెడ్‌మాస్టరు. ఊరి బడి అరుగు ఎక్కనివ్వని కాలంలో అంటరానివారి పిల్లలకు, ఆడపిల్లలతో సహా, అక్షరం దొరికిన కొద్ది చోట్లలో కంటోన్మెంటు ఒకటి. మన వైపు ఆ పని లండన్ మిషన్ వాళ్లు కడపలో, జమ్మలమడుగులో చేశారు.

ఆ తలుపు ఎక్కువ కాలం తెరిచి లేదు. 1881 నుంచి మద్రాసు సైన్యాధిపతిగా, తర్వాత భారత సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్ కాలంలో ‘యుద్ధ జాతులు’ అనే సిద్ధాంతం నిలబడింది. దక్షిణాది సిపాయి పనికిరాడని తేల్చారు. తెలుగు సిపాయిల భర్తీ కుంచించుకుపోయింది. 1890ల మొదట్లో మహార్ల భర్తీ ఆపేశారు. పని నేర్చుకుని, చదువు నేర్చుకుని, పింఛను తెచ్చుకునే దారి మూసి, మూట మోసే దారి మాత్రం తెరిచే ఉంచారు.

ధాన్యం మోసిన జాతుల గతి ఇంకా ఘోరం. రైళ్లు వచ్చాక ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసే బతుకు పోయింది. నిన్నటిదాకా అడవి దారులన్నీ తెలిసిన నేర్పరులు అని వాడుకున్నవాళ్లనే, దారులు తెలుసు కాబట్టి దొంగలు అన్నారు. ఉప్పు, ధాన్యం వ్యాపారం చేసిన ఎరుకలను నేరస్థ జాతి కింద రాసి, స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. ఒక జాతి నైపుణ్యం రాజ్యానికి అక్కర తీరితే ఏమవుతుందో దీన్ని చూసి నేర్చుకోవాలి.

5,63,369 మంది

మొదటి ప్రపంచ యుద్ధంలో భారతదేశం నుంచి భర్తీ అయిన దాదాపు 14 లక్షల మందిలో 5,63,369 మంది ఫాలోయర్లు, అంటే తుపాకీ లేని పనివాళ్లు. రాధికా సింఘా తన పుస్తకంలో ఈ లెక్క ఇచ్చి, ఇంకో ముఖ్యమైన సంగతి చూపించారు. ఫాలోయర్లలోనూ మెట్లు ఉన్నాయి. కంచరగాడిదలు తోలేవాళ్లు, గాయపడినవాళ్లను మోసేవాళ్లు పై మెట్టు. వంటవాడు, నీళ్లవాడు, చెప్పులు కుట్టేవాడు, పాకీ పనివాడు కింది మెట్టు. యుద్ధం ముదిరి మనుషులు దొరకని రోజుల్లో పై మెట్టు వాళ్ల జీతాలూ హోదా కొంత పెరిగాయి. కింది మెట్టు కిందే ఉంది. ఊళ్లోని కులం మెసపటోమియా ఎడారిలో జీతాల పట్టికగా మారింది.

మన ప్రాంతపు తోలు కూడా ఆ యుద్ధానికి పోయింది. తంగేడు చెక్కతో పదును చేసిన మద్రాసు తోళ్లను బ్రిటిష్ ప్రభుత్వం తన అదుపులోకి తీసుకుని సైనికుల బూట్ల పైభాగానికి వాడింది. లాభం టానరీ యజమానికి, ఎగుమతి వ్యాపారికి పోయింది. పశువు చర్మం ఒలిచి ఇచ్చిన మాదిగకు వాసన, మైల మిగిలాయి.

ఇది మన ఒక్కరి కథ కాదు. 1914 నవంబరులో మన మద్రాసు పయనీర్లు పోరాడిన తూర్పు ఆఫ్రికాలో, సైన్యం మూటలు మోయడానికి బ్రిటిష్‌వాళ్లు లక్షల మంది ఆఫ్రికన్లను క్యారియర్ కోర్‌లోకి పట్టుకుపోయారు. దారెస్సలాం నగరంలో కరియాకో అనే పేట ఉంది. క్యారియర్ కోర్ అన్న మాటే ఆ పేరైంది. మన లస్కరు, బేల్దారి లాగే అక్కడా జనం నోట్లో మాటే స్మారకం. కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021లో తన నివేదికలో ఒప్పుకుంది: కనీసం 1,16,000 మంది, బహుశా 3,50,000 మంది దాకా, పేరు చెక్కకుండా వదిలేశామని. వాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికా, మధ్యప్రాచ్యపు మూటలు మోసినవాళ్లే. క్షమాపణ కూడా చెప్పింది. బాస్రా స్మారకం మీద భారత సిపాయిలకు ఉన్నది చాలావరకు అంకెలే.

అంబేద్కర్ ఎక్కడ పట్టుకున్నారు?

రెండో ప్రపంచ యుద్ధం ఎద్దుల యుద్ధం కాదు, లారీల యుద్ధం. మోటారు చూడని పల్లె యువకుణ్ని కొన్ని నెలల్లో డ్రైవరుగా, ఫిట్టరుగా, స్టోర్‌కీపరుగా తయారు చేయాల్సి వచ్చింది. ‘పనికిరారు’ అన్న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచే, పంజాబ్ తర్వాత, అత్యధికంగా భర్తీ జరిగింది. సర్వీస్ కోర్, ఇంజనీర్లు, పయనీర్లు, 1943లో పుట్టిన ఎలక్ట్రికల్ మెకానికల్ ఇంజనీర్ల కోర్ వీళ్లను మింగేశాయి. 1941లో మహార్ రెజిమెంటు వచ్చింది. 1943లో చమార్ రెజిమెంటు పెట్టి 1946లో రద్దు చేశారు. అవసరం ఉన్నన్నాళ్లే మనం వీరులం.

1942 జులైలో అంబేద్కర్ వైస్రాయి మండలిలో లేబర్ మెంబరు అయ్యారు. యుద్ధానికి పనివాళ్లను తయారు చేసే సాంకేతిక శిక్షణ పథకం ఆ శాఖ కిందే ఉంది. యువ కార్మికులను బ్రిటన్ పంపి శిక్షణ ఇప్పించే బెవిన్ పథకం కూడా. రెజిమెంటు కావాలని అడిగిన మనిషే, శిక్షణ కావాలని కూడా అడిగారు. 1942 అక్టోబరులో వైస్రాయికి ఇచ్చిన వినతిపత్రంలో దళితుల ఉద్యోగాలతో పాటు సాంకేతిక చదువుకు సాయం కోరారు. 1943లో కేంద్ర ఉద్యోగాల్లో 8.33 శాతం రిజర్వేషన్ వచ్చింది. రెజిమెంటును ఒక్క ఉత్తర్వుతో రద్దు చేయొచ్చు. మనిషి చేతిలోకి వచ్చిన ట్రేడును, జేబులోకి వచ్చిన సర్టిఫికెట్‌ను రద్దు చేయలేరు. ఆయన అడిగినవాటిని వరసగా పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇది.

యుద్ధం అయిపోతుండగా 1945లో, ఇళ్లకు తిరిగొచ్చే సైనికులకు పని చూపడానికి, శిక్షణ ఇవ్వడానికి ఒక డైరెక్టరేట్ పెట్టారు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు అలా వచ్చాయి. ఆ యంత్రాంగం నుంచే 1950లో క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకం, అంటే మన ఐటీఐలు వచ్చాయి. ఫిట్టరు, వెల్డరు, డీజిల్ మెకానిక్ చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ తరగతి గది పుట్టింది సైన్యాన్ని నడిపించే పనివాళ్ల అవసరం నుంచి. అందులో మీకు సీటు దొరికింది రిజర్వేషన్ పోరాటం నుంచి. ఆ రెండు దారులూ ఒకే మనిషి బల్ల మీద కలిశాయి.

ఇప్పుడు ఏం అడగాలి?

ఇవాళ సైన్యానికి లాజిస్టిక్స్ పనివాళ్ల అవసరం తగ్గలేదు. సికింద్రాబాద్‌లో ఆర్డినెన్స్ కోర్ కేంద్రం, ఈఎంఈ కేంద్రం ఉన్నాయి. బెంగళూరులో సర్వీస్ కోర్, పయనీర్ కోర్, మద్రాస్ శాపర్స్ కేంద్రాలు ఉన్నాయి. శిక్షణ ఉంది. అందులోకి ఎవరు ఏ మెట్టు మీద చేరుతున్నారనేదే లెక్క.

2022 జూన్‌లో అగ్నిపథ్ వచ్చింది. నాలుగేళ్ల కొలువు, పింఛను లేదు, నూటికి 25 మందికే కొనసాగింపు. ఎనిమిదో తరగతితో ఆగిపోయినవాడికి తెరిచి ఉన్న ట్రేడులు మెస్ కీపరు, హౌస్ కీపరు. ఇంటరులో మంచి మార్కులుంటే స్టోర్‌కీపరు, ఐటీఐ ఉంటే టెక్నికల్‌లో అదనపు మార్కులు. నోటిఫికేషన్‌లో కులం ఎక్కడా ఉండదు. కానీ ఎనిమిదితో బడి మానేసేది ఏ వాడ పిల్లలో మనకు తెలుసు. నూరేళ్ల కిందటి ఫాలోయర్ల మెట్లు ఇప్పుడు మార్కుల జాబితా రూపంలో వస్తున్నాయి.

ఇంకోటి. యూనిఫాం కొలువుల్లో రిజర్వేషన్ లేదు. రక్షణ శాఖ సివిలియన్ ఉద్యోగాల్లో ఉంది. ఆ పనులను కాంట్రాక్టరుకు అప్పగించిన ప్రతిసారీ రిజర్వేషన్, శిక్షణ, పింఛను మూడూ ఒక్కసారే పోతాయి. పని మాత్రం మనదే ఉంటుంది. 1800లో వెట్టివాడికి జరిగింది అదే కదా.

అందుకే విద్యార్థి సంఘాలు రెండు పనులు పెట్టుకోవాలి. మొదటిది, మీ మండలంలో ఎనిమిది, పది దగ్గర ఆగిపోయిన పిల్లల జాబితా రాయండి. వాళ్లను ఓపెన్ స్కూలుకో ఐటీఐకో చేర్పించండి. ర్యాలీకి పరుగు నేర్పించే ముందు ఆ పని చేయండి. రెండోది, మీ ఇళ్లలోని ముసలివాళ్లను అడగండి. మిలిటరీకి పోయిన తాతలు, పయనీరుగా రోడ్డు వేసినవాళ్లు, వంటవాడుగా బర్మా పోయినవాళ్లు, తోళ్లు అమ్మినవాళ్లు ఉంటారు. డిశ్చార్జి కాయితం ట్రంకు పెట్టె అడుగున ఉంటే ఫొటో తీసి దాచండి. రాజ్యం చెక్కని పేర్లను మనమే రాసుకోవాలి.

మూట మోయడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ పనికి కాయితం, జీతం, పింఛను, పేరు రాబట్టుకోవడమే ఇంకా మిగిలిన పోరాటం.

జై భీమ్.